రోజూ నాలుగు రకాల టీలు రుచి చూస్తున్నా.. ఐరన్ మాత్ర పనిచేస్తుందా?

ప్రశ్న: నా వయసు 54. గుంటూరు బ్రాడీపేటలో ఉంటాం. సంక్రాంతికి వచ్చిన మా అమ్మాయి పది రకాల టీ ఆకుల పెట్టె తెచ్చిపెట్టింది. డార్జిలింగ్, ఊలాంగ్, వైట్, గ్రీన్ టీలు, ఇంకా మందారం, చమోమిలే, పుదీనా, అతిమధురం కలిపిన ఆకు.. ఇలా ఉన్నాయి. పాలు, పంచదార మానేసి రోజూ నాలుగైదు రకాలు రుచి చూస్తున్నాను. సరదాగానే ఉంది కానీ గ్రీన్ టీ మాత్రం గిన్నెలో ఎంత మరిగించినా కటిక చేదు. నెల నుంచి రాత్రి నిద్ర సరిగా పట్టట్లేదు, గుండెల్లో మంట కూడా ఉంటోంది. బీపీకి ఆమ్లోడిపిన్ 5 ఎంజీ, థైరాయిడ్‌కు 75 మైక్రోగ్రాముల మాత్ర వాడతాను. హిమోగ్లోబిన్ 9.8 ఉందని రెండు నెలలుగా ఐరన్ మాత్ర వేసుకుంటున్నా, మొన్న చూపిస్తే 9.9. ఈ టీలన్నీ మానేయాలా?
- ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: అన్నీ మానేయక్కర్లేదమ్మా. అతిమధురం కలిసిన ఆకు మాత్రం ఇక ముట్టుకోకండి. పుదీనా, మందారం మంట తగ్గేదాకా ఆపండి. మిగతావి తాగొచ్చు, కాకపోతే తాగే వేళలు మార్చుకోవాలి.

ముందు రక్తం సంగతి. టీ తాగినప్పుడు నాలుక మీద వగరుగా తగిలే పదార్థాలున్నాయే, అవే పేగులో ఐరన్‌ను పట్టేసి ఒంటికి అందకుండా చేస్తాయి. మాత్రలోని ఐరన్‌కే కాదు, తోటకూర, పప్పులు, రాగుల్లోని ఐరన్‌కూ ఇదే గతి. ఇడ్లీ తిన్న చేత్తోనే టీ గ్లాసు అందుకోవడం మన ఇళ్లలో మామూలే. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు వద్దని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 ఆహార మార్గదర్శకాల్లో చెప్పింది ఇందుకే. చమోమిలే, పుదీనా లాంటివి టీ ఆకు కాకపోయినా ఐరన్ విషయంలో వాటికీ ఇదే నియమం.

థైరాయిడ్ మాత్ర, ఐరన్ మాత్ర రెండూ పొద్దున్నే వేసుకుంటున్నారేమో మీరు రాయలేదు. అలాగైతే థైరాయిడ్ మాత్ర సరిగా ఒంటికి పట్టదు. వాటి మధ్య కనీసం 4 గంటల ఎడం ఉండాలి. మీకు సరిపడేలా చెబుతాను. ఉదయం 6కి థైరాయిడ్ మాత్ర, ఉత్త మంచినీళ్లతో. 8కి టిఫిన్. మొదటి టీ పదింటికి. ఒంటిగంటకు భోజనం, రెండోది రెండున్నరకు. ఆ తర్వాత గ్రీన్, వైట్, ఊలాంగ్, డార్జిలింగ్ ఏదీ వద్దు. సాయంత్రం 5కి ఐరన్ మాత్ర, కాసింత నిమ్మరసం పిండిన నీళ్లతో. నిమ్మ పులుపుకు మంట ఎక్కువైతే ఉత్త నీళ్లు చాలు. ఏడింటికి చమోమిలే తాగితే ఎనిమిదింటి భోజనానికి అడ్డం రాదు. పడుకోబోయే ముందైతే రాత్రి రెండుసార్లు లేవాల్సి వస్తుంది.

అయితే తప్పంతా టీ మీద తోసేయకండి. ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి. ఈ వయసులో, అందులోనూ నెలసరి ఆగిపోయి ఉంటే, 9.8 ఎందుకుందో వెతకాల్సిందే. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చూపేది), బి12, మలంలో కంటికి కనిపించని రక్తం ఉందేమో చూసే పరీక్ష చేయించండి. మోకాళ్ల నొప్పులకని మాత్రలు మింగే అలవాటుంటే డాక్టరుకు దాచకుండా చెప్పండి, కడుపులో పుండుకు అవి పెద్ద కారణం. ఐరన్ మాత్రతో మలం ఎలాగూ నల్లబడుతుంది కాబట్టి రంగు చూసి ఏదీ తేల్చుకోలేం. తారులా జిగటగా, దుర్వాసనతో వస్తే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

నిద్ర విషయానికొద్దాం. గ్రీన్, వైట్, ఊలాంగ్, బ్లాక్ (మీ డార్జిలింగ్ ఈ రకమే).. పేర్లు నాలుగైనా మొక్క ఒక్కటే. ఆకును వాడబెట్టి, మాగబెట్టే తీరులోనే తేడా. నాలుగింట్లోనూ కెఫీన్ ఉంటుంది. ‘వైట్’ అన్నారు కదా అని రాత్రి తాగేవాళ్లున్నారు, అది పొరపాటు. 150 మి.లీ. టీలో కెఫీన్ 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటుందని, రోజుకు 300 దాటొద్దని పైన చెప్పిన ఐసీఎంఆర్ మార్గదర్శకాల్లోనే ఉంది. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం 6కి తాగితే పదకొండింటికీ సగం మిగిలే ఉంటుందన్నమాట. మొదటి నీళ్లు అర నిమిషంలో పారబోస్తే కెఫీన్ పోతుందని ఆన్‌లైన్‌లో చెబుతుంటారు. పోయేది కొంచెమే, సువాసన మాత్రం బాగా పోతుంది.

ఇక చేదు. మన దగ్గర టీ అంటే మరిగించేదే, పాలూ పంచదారా ఆ చేదును కప్పేస్తాయి. గ్రీన్ టీని అలా కాస్తే చేదు, వగరు పదార్థాలు ఒక్కసారిగా దిగిపోతాయి. దానికి 80 డిగ్రీల వేడి చాలు. థర్మామీటర్ అక్కర్లేదు. తెర్లిన నీళ్లు మూడు గ్లాసులకు ఫిల్టర్ నీళ్లు ఒక గ్లాసు కలిపితే మన ఊరి వాతావరణంలో ఇంచుమించు అంతే వస్తుంది. 150 మి.లీ.కి 2 గ్రాముల ఆకు వేసి, 2 నిమిషాలకు ఆకును పూర్తిగా వడగట్టేయాలి. ఆకు గ్లాసు అడుగున వదిలేసి తాగుతుంటే ఆఖరి గుక్క మళ్లీ చేదే. ఊలాంగ్‌కు పొయ్యి మీంచి దించి రెండు నిమిషాలు ఆగిన నీళ్లు పోసి 3 నిమిషాలుంచండి. అదే ఆకు ఇంకో రెండుసార్లు వస్తుంది, చాలాసార్లు రెండో నీళ్లే మొదటివాటికంటే కమ్మగా ఉంటాయి. చమోమిలేకు తెర్లే నీళ్లే పోయాలి, మూతపెట్టి 5 నిమిషాలు. మూత లేకపోతే ఆవిరితో పాటు వాసనా పోతుంది. చెంచా లెక్క నమ్మకండి. చెంచాడు వైట్ టీ ఆకు దూదిలా తేలికగా తూగుతుంది, అదే చెంచాడు మామూలు టీపొడి దానికి రెండింతలు పైనే. చిన్న కాటా ఉంటే మేలు. బోరు నీళ్లయితే పైన తెట్టులాంటి పొర కడుతుంది. అది నీళ్లలోని సున్నం, ఆకులోని వగరు కలిసి కట్టేది. ప్రమాదం లేదు, రుచే చస్తుంది.

నాలుగు రకాలూ ఒకే పూట పోల్చి చూడాలనిపిస్తే పదింటి వేళకు పెట్టుకోండి. ఆ రోజు రెండున్నర టీ మానేయండి. ఒక్కో రకం 1 గ్రాము ఆకు, 60 మి.లీ. నీళ్లు. మొత్తం 4 గ్రాములే కాబట్టి రెండు కప్పుల పెట్టు. చప్పుడొచ్చేలా జుర్రుకోండి, పక్కవాళ్లు ఏమన్నా అనుకోనీ. గాలి కలిస్తేనే వాసన గొంతు వెనక నుంచి ముక్కుకు ఎక్కుతుంది. టీ రుచి చూడటమే వృత్తిగా ఉన్నవాళ్లు అలా జుర్రి ఉమ్మేస్తారు. పొగలు కక్కుతుండగా వద్దు. 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలు అన్నవాహిక (నోటి నుంచి కడుపుకు ఆహారం వెళ్లే గొట్టం) క్యాన్సర్‌కు కారణం కావొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2016లో చెప్పింది.

అతిమధురం ఎందుకు వద్దన్నానంటే, అది ఒంట్లో ఉప్పును, నీటిని నిలబెట్టి పొటాషియంను బయటికి పంపేస్తుంది. బీపీ పెరుగుతుంది. మీ మాత్ర ఒకవైపు లాగితే ఇది ఇంకోవైపు లాగుతుంది. పెట్టె మీద ములేఠి, యష్టిమధు, లికరిస్ అని ఏ పేరున్నా సరుకు అదే. పంచదార వేయకుండానే తియ్యగా తగిలితే అనుమానించండి. పుదీనా కడుపుకు చలవ అంటారు కానీ అన్నవాహిక కింది చివర ఉండే బిగువును సడలిస్తుంది, కడుపులో పులుపు పైకి తంతుంది. పులితేన్పులు, గుండెల్లో మంట ఉన్నవాళ్లకు అది ఎదురు తిరుగుతుంది.

మందారం టీ అని అమ్మేది మన పెరటి మందారం కాదు, సాక్షాత్తూ మన గోంగూర జాతే. పువ్వు రాలాక కాయ చుట్టూ మిగిలే ఎర్రటి రక్షక పత్రాలవి. గోంగూర పచ్చడికి మంట వచ్చేవాళ్లకు ఇదీ పడదు. బీపీని కూడా కొద్దిగా తగ్గిస్తుంది, కాబట్టి మళ్లీ మొదలుపెట్టినప్పుడు మొదటి వారం బీపీ చూసుకోండి, లేవగానే కళ్లు తిరిగితే ఆపేయండి. చమోమిలే చామంతి కుటుంబానిది, వయ్యారిభామ కలుపు మొక్కదీ అదే కుటుంబం. ఆ కలుపు దగ్గరికెళితే తుమ్ములు, దద్దుర్లు వచ్చేవాళ్లు దీన్ని తాగకపోవడమే మంచిది. రక్తం పలచబడే వార్ఫరిన్ వాడేవాళ్లకూ వద్దు. సన్నబడటానికని అమ్మే పొడుల్లో సునాముఖి ఆకు ఉందేమో చూడండి. అది విరేచనాల మందు, తగ్గేది నీరే.

గుంటూరు వంటింట్లో ఇంకో మాట. టీ ఆకు పక్కనున్న వాసనంతా పీల్చుకుంటుంది. కారం డబ్బా, ఇంగువ ఉన్న అలమరలో పెడితే నెలలో మీ డార్జిలింగ్ చారు పొడి వాసన కొడుతుంది. బిగుతు మూత స్టీలు డబ్బాలో, వేరే గదిలో ఉంచండి.

వేళలు మార్చి నెల రోజులయ్యాక హిమోగ్లోబిన్ చూడండి. కనీసం ఒక పాయింటు పెరగాలి. పెరగకపోతే కారణం టీ కాదు, జీర్ణకోశ వైద్యుణ్ని కలవండి, ఎండోస్కోపీ అవసరం పడొచ్చు. మాత్రల ఎడం మారింది కాబట్టి ఆరు నుంచి ఎనిమిది వారాలకు థైరాయిడ్ పనితీరు చూపే టీఎస్‌హెచ్ కూడా చేయించండి. థైరాయిడ్ మాత్ర ఇప్పుడు సరిగ్గా ఒంటికి పట్టి, 75 మోతాదు మీకు ఎక్కువయ్యే అవకాశముంది.