తాళం లోపల, మనం బయట

ప్రశ్న: డిక్కీలో బ్యాగ్ పెడుతూ తాళం కూడా అందులోనే వదిలేసి మూసేశానండి, కారు మొత్తం లాక్ అయిపోయింది. అక్కడున్నవాళ్లలో ఒకాయన ఇనుప స్కేలు అద్దం సందులో దూర్చమన్నాడు, ఇంకొకాయన టెన్నిస్ బాల్‌కి చిల్లు పెట్టి కీహోల్ మీద నొక్కమన్నాడు, ఇంట్లో ఉన్న స్పేర్ రిమోట్‌ని ఫోన్‌కి దగ్గరగా పెట్టి నొక్కిస్తే ఇక్కడ తెరుచుకుంటుందని మా తమ్ముడు. వీటిలో నిజంగా పనిచేసేది ఏదైనా ఉందా? వెనకాల చిన్న అద్దం పగలగొట్టేస్తే పోయేదా?

జవాబు: టెన్నిస్ బాల్ ఉత్త కబురండి. గాలి ఒత్తిడికి లాక్ లేచిపోవాలంటే లోపలంతా గాలి బయటికి పోకుండా బిగించి ఉండాలి, కారు డోర్ అలా ఉండదు. ఫోన్ సంగతీ అంతే, రిమోట్ పంపేది రేడియో తరంగాలు, 315 లేదా 433 మెగాహెర్ట్జ్ దగ్గర, ఫోన్ మోసుకెళ్లేది మన మాటలే. అయితే కారుకి కంపెనీ యాప్ ఉండి ముందే ఫోన్‌కి కలిపి ఉంటే అది వేరే కథ, దాన్నుంచి అన్‌లాక్ చేసే వీలు ఉండొచ్చు, ముందు అది చూడండి.

స్కేలు మాత్రం ఒకప్పుడు పనిచేసేది, పాత కార్లలో డోర్ లోపల లాక్‌కి సన్నటి కడ్డీలు ఉండేవి కాబట్టి. ఇప్పుడు చాలావాటికి కేబుల్స్, వాటి మీద కవర్లు, పక్కనే కిటికీ మోటారు వైర్లు, కొన్నిట్లో ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ కూడా, చూడకుండా గెలికితే తాళం ఖర్చు కంటే డోర్ రిపేరు ఖర్చు ఎక్కువవుతుంది. తెలిసినవాళ్లు చేసేది ఏంటంటే డోర్ పైమూల సందులో చిన్న గాలి సంచి పెట్టి మెల్లగా పంపు కొట్టి, వచ్చిన సందులోంచి పొడుగు కడ్డీ పంపి లోపలి బటన్ నొక్కుతారు. ఇదే పని స్క్రూడ్రైవర్‌తో చేయబోతే ఫ్రేమ్ వంగి వానకి నీళ్లు కారతాయి. కొన్ని కార్లలో డెడ్‌లాక్ పడితే లోపలి హ్యాండిల్ లాగినా తెరుచుకోదు, అప్పుడు ఈ పద్ధతి కూడా దండగే. ఇన్సూరెన్స్ కాగితాల్లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందేమో చూసి వాళ్లకి ఫోన్ చేయండి, లేదా తాళాలు చేసేవాళ్లని పిలవండి. కారు మీదేనని రుజువు అడుగుతారు, అసలు అడగనివాడినే అనుమానించాలి.

చిన్న అద్దం అంటే చవక అనుకోకండి. చాలా కార్లలో అది అతికించి ఉంటుంది, డోర్ అద్దం కంటే ఎక్కువే అవ్వొచ్చు, పైగా అందులోంచి చెయ్యి పెడితే లాక్ అందకపోవచ్చు.

కానీ లోపల పసిపిల్లలో పెంపుడు జంతువో ఉండిపోతే ఇదంతా పక్కన పెట్టేయండి! మూసిన కారులో వేడి గంటలో సుమారు 20 డిగ్రీలు పెరగొచ్చు, అందులో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే, పిల్లల ఒళ్లు పెద్దవాళ్ల కంటే 3 నుంచి 5 రెట్లు త్వరగా వేడెక్కుతుంది. ఎమర్జెన్సీ నంబర్‌కి ఒకరు ఫోన్ చేస్తుండగానే ఇంకొకరు బిడ్డకి దూరంగా ఉన్న పక్క అద్దాన్ని, మధ్యలో కాకుండా మూల దగ్గర, మొనదేలిన గట్టి వస్తువుతో కొట్టాలి. ముందు అద్దం జోలికి పోవద్దు, అది రెండు పొరల మధ్య ప్లాస్టిక్‌తో ఉంటుంది, పగులుతుంది గానీ దారివ్వదు.

ప్రశ్న: రిమోట్ చేతిలోనే ఉంది కానీ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు, స్మార్ట్ కీ కారు, తాళం పెట్టే రంధ్రమే కనపడట్లేదు.

జవాబు: బ్యాటరీ అయిపోయి ఉంటుంది. రిమోట్ పక్కన చిన్న మీట జరిపితే లోపల్నుంచి మామూలు తాళంచెవి బయటికొస్తుంది. రంధ్రం డ్రైవర్ డోర్ హ్యాండిల్ దగ్గర ప్లాస్టిక్ మూత కింద దాక్కుని ఉండొచ్చు. తెరిచాక అలారం మోగితే కంగారు పడొద్దు, రిమోట్‌ని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కి చూడండి, లోపలి చిప్‌కి కరెంటు కారే ఇస్తుంది కాబట్టి చాలా కార్లు స్టార్ట్ అవుతాయి. కొన్నిట్లో రిమోట్ పెట్టే చోటు వేరే ఉంటుంది, అది మాన్యువల్‌లో చూడండి. బటన్ సెల్ చాలావాటికి సీఆర్ 2032, పాతదాని మీద నంబర్ చూసి అదే వేయించండి.