ఇంటర్న్‌షిప్ స్టైపెండ్‌లో కోసిన టీడీఎస్ తిరిగొస్తుందా? మిగిలిన డబ్బు ఏం చేయాలి?

ప్రశ్న: బీటెక్ మూడో సంవత్సరం అయిపోయాక 2025 మే, జూన్ నెలల్లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేశాను. స్టైపెండ్ నెలకు రూ.40,000 అన్నారు, 10 శాతం కోసి రూ.36,000 చొప్పున ఇచ్చారు. ఖర్చులు పోను రూ.50,000 మిగిలింది. ఆప్షన్స్ ట్రేడింగ్ చేద్దామని స్నేహితులు అంటున్నారు. నాన్నేమో ఎడ్యుకేషన్ లోన్‌కి కట్టేయమంటున్నారు. ఇప్పటిదాకా రూ.3 లక్షలు తీసుకున్నాం, వడ్డీ 10 శాతం. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ చేతికి రాని రూ.8,000 సంగతి చూద్దాం. ఇదే టీడీఎస్, అంటే మీకు డబ్బిచ్చే ముందే కంపెనీ కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను. చాలామంది విద్యార్థులు దాన్ని పోయిన డబ్బే అనుకుని వదిలేస్తున్నారు. అది మీ పేరు మీద ప్రభుత్వం దగ్గర జమై ఉన్న డబ్బు. కొత్త పన్ను విధానంలో 2025-26కి రూ.4 లక్షల దాకా పన్ను లేదు. మీకు ఈ రూ.80,000 తప్ప వేరే ఆదాయం లేకపోతే, ఆదాయపు పన్ను రిటర్న్ వేస్తే మొత్తం వెనక్కి వస్తుంది. వేయకపోతే రాదు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, ఇంటర్న్‌షిప్ చివరి రోజున కంపెనీ మెయిల్ ఐడీ మూసేస్తారు. ఏప్రిల్-జూన్‌కి సంబంధించిన టీడీఎస్ సర్టిఫికెట్, అంటే ఫారం 16ఏ, ఆగస్టులో గానీ తయారవదు. అది మీకు అందుబాటులో లేని ఆ పాత మెయిల్‌కే వెళ్లిపోతుంది. అందుకే హెచ్‌ఆర్‌కి మీ సొంత మెయిల్ ఐడీ ఇచ్చి, ఫారం దానికే పంపమని అడగండి. ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పేరు మీద జమైన పన్ను వివరాలుండే ఫారం 26ఏఎస్ తెరిచి రూ.8,000 మీ పాన్ మీద కనబడుతోందో లేదో చూసుకోండి. కనబడకపోతే కంపెనీ అకౌంట్స్ వాళ్లకి వెంటనే రాయండి. పాన్‌లో ఒక్క అక్షరం తప్పుపడినా మీ డబ్బు మీ ఖాతాలో కనిపించదు.

రిటర్న్ వేసేది 2026 మార్చి 31 దాటాక. ఫారం 16ఏలో సెక్షన్ 194జే అని ఉంటే దాన్ని ప్రొఫెషనల్ ఫీజుగా లెక్కిస్తారు, మామూలుగా ఐటీఆర్-4 అనే రిటర్న్ ఫారం వేయాలి. కంపెనీ దాన్ని జీతంగా చూపి, జీతం మీద ఇచ్చే టీడీఎస్ సర్టిఫికెట్ ఫారం 16 ఇచ్చి ఉంటే ఐటీఆర్-1 చాలు. బ్యాంక్ ఖాతాను పోర్టల్‌లో ముందే వ్యాలిడేట్ చేసుకోండి. రిటర్న్ వేశాక 30 రోజుల్లోపు దాన్ని ఈ-వెరిఫై చేయడం, అంటే ఆన్‌లైన్‌లో ధ్రువీకరించడం మరిచిపోవద్దు. జులై 31 లోపు ఈ పని ముగించేయండి.

ట్రేడింగ్ జోలికి మాత్రం వెళ్లొద్దు. 2024లో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ బయటపెట్టిన లెక్క ప్రకారం, మూడేళ్లలో ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లో (ధరలు ఎటు కదులుతాయన్న అంచనా మీద నడిచే ఒప్పందాల్లో) దిగిన కోటిమందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. రెండు నెలల కష్టం ఒక్క మధ్యాహ్నంలో పోగొట్టుకుంటారేమోనని నాకు నిజంగా భయం.

నాన్నగారి మాటలో చాలా విషయం ఉంది. మీ రూ.3 లక్షల మీద నెలకు రూ.2,500 వడ్డీ ఇప్పుడే పేరుకుంటోంది. చదువు అయ్యేదాకా, ఆపైన మామూలుగా ఇంకో ఏడాది కట్టక్కర్లేదు, నిజమే. కానీ అలా పేరుకున్నదంతా వాయిదాలు మొదలయ్యే రోజున అసలులో కలిసి, దాని మీద కూడా వడ్డీ పడుతుంది. చదువుకునే రోజుల్లోనే వడ్డీ కట్టేవారికి చాలా బ్యాంకులు వడ్డీ రేటులో ఒక శాతం దాకా తగ్గిస్తాయి. మీ బ్యాంకులో ఆ సౌకర్యం ఉందా అని కనుక్కోండి.

అయితే డబ్బు కట్టే ముందు ఇంకో సంగతి అడగాలి. మీ కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.4.5 లక్షల లోపైతే, కొన్ని షరతుల మీద ఈ కాలపు వడ్డీని కేంద్ర ప్రభుత్వమే భరించే పథకం ఉంది. అది మీకు వర్తిస్తే ఇప్పుడు మీరు కట్టాల్సిన పనే లేదు. వర్తించకపోతే రూ.25,000 పక్కనపెట్టి నెలనెలా వడ్డీకి కట్టండి, పది నెలలు వస్తుంది.

మిగతా రూ.25,000 ముట్టుకోవద్దు. ఉద్యోగం వచ్చినా మొదటి జీతం నెల గడిచాకే చేతికొస్తుంది. ఈలోగా ప్రయాణం, గది అడ్వాన్స్, తిండి, అన్నిటికీ అదే ఆధారం. అదే కంపెనీ పిలిచి ఉద్యోగం ఇస్తుందన్న నమ్మకంతో ఇప్పుడే ఈఎంఐ మీద ఫోనో ల్యాప్‌టాపో కొనకండి. ఆఫర్ లెటర్ చేతికొచ్చాక మళ్లీ రాయండి, జీతాన్ని బట్టి లోన్ ఎంత త్వరగా తీర్చొచ్చో అప్పుడు లెక్క వేసి చెబుతాను.