‘కలుపుగోలు మనిషి’లో ఈ ‘గోలు’ ఏమిటి?

నవ్వుతూ, చనువుగా పలకరించేవాళ్లని ‘కలుపుగోలు మనిషి’ అంటాం కదా, ఆ ‘గోలు’ ఎక్కడిది అని అడిగారు. చిన్నప్పుడు నాకు అంతకంటే పెద్ద అనుమానం ఉండేది. మా మేనత్తని ఊరంతా కలుపుగోలు మనిషి అనేది. పొలంలో పీకి గట్టున పారేసే కలుపుకీ అత్తకీ ఏం సంబంధమో తెలిసేది కాదు.

ఇక్కడ ఉన్నది ఆ కలుపు కాదు, ‘కలుపుకొను’ అనే క్రియ. ‘కొను’కి నామరూపం ‘కోలు’. వీడుకోలు, వేడుకోలు అన్నీ అలా వచ్చినవే. ‘కొనుగోలు’లో క కాస్తా గ అయినట్టే ఇక్కడా అయింది. అంటే అచ్చంగా మన మాట, ఎక్కడినుంచో అరువు తెచ్చుకున్నది కాదు. నా లెక్కలో దీని కీలకమంతా ఆ ‘కొను’లోనే ఉంది. తను నవ్వుతూ ఉంటే చాలదు, పక్కవాళ్లని తనలో కలుపుకోవాలి.

చలాకీ మనుషుల గురించే వాడే ‘హుషారు’ మాత్రం అలా కాదు. అది పారశీకం నుంచి వచ్చింది. ‘హోష్’ అంటే స్పృహ, తెలివి. తెలంగాణలో ‘పిలగాడు మస్తు హుషారు’ అంటే తెలివైనవాడనే ఇప్పటికీ అర్థం. కోస్తాలో అదే మాట ఉత్సాహం వైపు జరిగింది. ఒంటరిగా కూడా హుషారుగా ఉండొచ్చు, కలుపుగోలుగా మాత్రం ఉండలేం.

పెళ్లిసంబంధాల్లో ‘అమ్మాయి కలుపుగోలుగా ఉంటుందా?’ అని అడుగుతారు చూడండి, అక్కడ నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లు అడిగేది నవ్వు గురించి కాదు, సర్దుకుపోతుందా అని.

ఒకసారి అత్తతో విశాఖ నుంచి హైదరాబాద్ రైల్లో వస్తున్నాను. పై బెర్తులో ఒక కుర్రాడు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. అత్త డబ్బా తెరిచి, “ఏం నాన్నా, పులిహోర తింటావా? మిరపకాయలు ఏరేసి పెడతాలే” అంది. సామర్లకోట వచ్చేసరికి అతను కింద కూర్చుని వాళ్లమ్మ ఆపరేషన్ సంగతి చెబుతున్నాడు. రాజమండ్రిలో మా నీళ్ల సీసాలు నింపుకొచ్చాడు. పొద్దున దిగేటప్పుడు అత్త సంచులు తనే మోశాడు. నాతో మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. ఆఫీసులో నాకు సరదా మనిషినని పేరు.