నాది అడ్మిన్ అకౌంటే కదా, మళ్ళీ 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' ఎందుకు?

అడ్మిన్ అకౌంట్‌తో లాగిన్ అయినా విండోస్‌లో మీరు తెరిచే ప్రోగ్రాములు, స్క్రిప్టులు మామూలు యూజర్ హక్కులతోనే నడుస్తాయి. అందుకే సిస్టమ్‌ని మార్చే స్క్రిప్టుకి అడ్మిన్ హక్కులు విడిగా ఇవ్వాలి. విండోస్ విస్టాతో వచ్చిన యూఏసీ (యూజర్ అకౌంట్ కంట్రోల్) పద్ధతి ఇది. లాగిన్ కాగానే విండోస్ మీ పేరున రెండు టోకెన్లు (మీ హక్కులు రాసి ఉండే పాసుల్లాంటివి) తయారుచేస్తుంది: ఒకటి పూర్తి హక్కులది, రెండోది కత్తిరించినది. డబుల్ క్లిక్ చేస్తే దక్కేది రెండోదే. తెర మసకబారి అడిగే ప్రశ్నకు 'యస్' నొక్కితేనే మొదటిది బయటికొస్తుంది.

ఉదాహరణకు, హోస్ట్స్ ఫైల్లో (వెబ్‌సైట్ల పేర్లకు అడ్రసులు రాసుకునే సిస్టమ్ ఫైలు) ఒక లైను చేర్చే బ్యాచ్ ఫైలుని, అంటే కమాండ్లు వరుసగా రాసిన స్క్రిప్టుని, ఊరికే నడిపితే 'యాక్సెస్ ఈజ్ డినైడ్' అంటుంది. రైట్ క్లిక్ చేసి అడ్మిన్‌గా నడిపితే అదే ఫైలు పనిచేస్తుంది. (కాకపోతే అప్పుడది మీ ఫోల్డర్‌లో కాక విండోస్ సొంత ఫోల్డరైన సిస్టమ్32లో మొదలవుతుంది. స్క్రిప్టులో ఫైళ్ళకు పూర్తి పాత్ రాయకపోతే 'ఫైలు దొరకలేదు' అని ఇంకో చిక్కు.)

చాలామంది పొరబడేది పవర్‌షెల్ (విండోస్‌లో కమాండ్లు, స్క్రిప్టులు నడిపే ప్రోగ్రాము) దగ్గర. స్క్రిప్టులు నడపడం డిజేబుల్ అయి ఉందని ఎర్రక్షరాల్లో మెసేజ్ వస్తే, అడ్మిన్‌గా తెరిచినంత మాత్రాన అది పోదు. దానికి కారణం ఎగ్జిక్యూషన్ పాలసీ అనే వేరే సెట్టింగు; ఏ స్క్రిప్టులు నడవొచ్చో చెప్పేది అదే.