ఏప్రిల్ నెల చీటీ

కరోనా సమయంలో గల్ఫ్‌లో కాగితాలు లేని మన కుటుంబాలు ఎలా బతికాయి, ఎవరు ఆదుకున్నారు అని అడిగారు. మీ అక్క ఇప్పటికీ కువైట్‌లో అలాగే ఉన్నారని కూడా రాశారు. ఆ రోజులు అక్కడే గడిపాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. సేవాసంఘాల వాళ్ళు బియ్యం సంచులు పంచిన మాట నిజమే, వాళ్ళకు దండం పెడతాను. కానీ ఆ సంచి మా గుమ్మం దాకా రావడానికి చాలా రోజులు పట్టింది. అప్పటిదాకా మమ్మల్ని బతికించింది మా చీటీ డబ్బు.

మాది కోనసీమ. 2014లో ఇంటిపని వీసా మీద వెళ్ళాను. ఆ ఇంట్లో ఏడు నెలలు జీతం ఇవ్వలేదు. అడిగితే పాస్‌పోర్టు తమ దగ్గరే ఉందని బెదిరించారు. బయటికి వచ్చేశాను. మర్నాడే పారిపోయానని కేసు పెట్టారు. అలాంటివాళ్ళను అక్కడ ఖల్లివెల్లి అంటారు. అరబ్బీలో ఆ మాటకు ‘పోనీ, వదిలెయ్’ అని అర్థం. మనిషిని ఆ మాటతో పిలవడం నాకు ఈనాటికీ మింగుడుపడదు. అకామా, అంటే నివాస అనుమతి, లేకుండా ఉన్న ప్రతి రోజుకూ అప్పట్లో రెండు దీనార్ల జరిమానా, అలా 600 దీనార్ల వరకూ పెరిగేది. అది కడితే తప్ప ఇంటికి రాలేము, కట్టాలంటే అక్కడే దొంగచాటుగా పని చేయాలి. మా ఆయన డ్రైవరు వీసా మీద వచ్చారు. 2018లో ఆయన అకామా కూడా అయిపోయింది.

జిలీబ్ ప్రాంతంలో హసావి అనే చోట మూడు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. ఒక గది మాది. రెండో గదిలో నరసాపురం వైపు దంపతులు, వాళ్ళ నాలుగేళ్ళ బాబు. మూడో గదిలో నలుగురు ఆడవాళ్ళు, వాళ్ళందరికీ పెద్ద దిక్కు రాయచోటి అక్క. పై అంతస్తులో నిజామాబాద్ అన్న. మా అందరిలో అకామా, బతాకా (గుర్తింపు కార్డు) ఉన్నది ఆయన ఒక్కడికే.

మాకు పన్నెండు మందితో ఒక చీటీ ఉండేది, నెలకు 20 దీనార్లు. పాట లేదు, పేర్లు తీసి వరస ముందే రాసుకున్నాం. లెక్క రాసేది నేను. 2020 ఏప్రిల్ నెల రాయచోటి అక్కది. కూతురి కాలేజీ ఫీజు కోసం ఆ నెల ఎప్పుడు వస్తుందా అని ఏడాదిగా ఎదురుచూసింది.

మార్చి 13న విమానాలు ఆగిపోయాయి. 22 నుంచి సాయంత్రం అయిదు దాటితే కర్ఫ్యూ. మేము గంటల లెక్కన ఇళ్ళు తుడిచేవాళ్ళం. ఎవరూ గుమ్మం ఎక్కనివ్వలేదు. ఏప్రిల్ 6న మా జిలీబ్‌నూ, మహబూలా అనే మరో ప్రాంతాన్నీ మూసేశారు. లోపలివాళ్ళు బయటికి పోకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. అలా మూడు నెలలు.

ఆ నెల చీటీ తొమ్మిది మందే కట్టగలిగారు. 180 దీనార్లు, మన డబ్బులో నలభై వేలకు పైమాటే. తెచ్చి అక్క చేతిలో పెట్టాను. ఆమె లెక్కపెట్టి మళ్ళీ నా చేతిలోనే పెట్టింది. “ఇంటికి పంపే దారి ఎటూ లేదు. బియ్యం, పప్పు, నూనె తీసుకో. ఎవరి తిండి ఎంతో రాయి” అంది. అందరికీ కలిపి కాదు, ఎవరి పేరున వాళ్ళకు వేరుగా రాయమంది.

నాకు అప్పుడు అది కాస్త కఠినంగా అనిపించింది. తరువాత అర్థమైంది. పక్క భవనంలో ఇద్దరు కుర్రవాళ్ళు రెండు రోజులు ఖుబూస్ రొట్టె ముక్కలు నీళ్ళలో నానబెట్టుకుని తిన్నారు. ఊరికే పెడతామంటే రాలేదు. పుస్తకంలో రాస్తాం, పని దొరికాక ఇవ్వండి అంటే ఆ రాత్రే వచ్చి తిన్నారు. ఇంటికి డబ్బు పంపడానికి వచ్చినవాడు చేయి చాచలేడు, అప్పయితే తీసుకోగలడు. ఆ పుస్తకంలో చివరికి ముప్పై ఒక్క పేర్లు చేరాయి. ఒక శ్రీలంక ఆమె, ఒక బంగ్లాదేశ్ అతను కూడా ఉన్నారు. బకాలా, అంటే కిరాణా కొట్టు, నడిపే మలయాళీ ఆయన మా పుస్తకం చూసే సరుకు అప్పిచ్చాడు. అద్దె గురించి మా హారిస్, అంటే భవనం కాపలాదారు, రెండు నెలలు తలుపు తట్టలేదు.

ఏప్రిల్ 13న మా ఆయనకు జ్వరం వచ్చింది. ఈ భాగం రాయడం కష్టంగా ఉంది, అయినా రాస్తాను. ఆ రాత్రి వంటగదిలో గుసగుసలు విన్నాను. ఇంట్లో పసివాడున్నాడు, ఆయనను మేడ మీద ఉంచితే బాగుండును అని నరసాపురం చెల్లెలు అంటోంది. ఆమెను నేను తప్పుపట్టలేదు. తల్లి భయం అది. ఆమె చోట నేనున్నా అదే అనేదాన్ని. తెల్లవారేసరికి రాయచోటి అక్క తన గది ఖాళీ చేసేసింది. స్నానాలగది ఉన్న గది అదొక్కటే. నలుగురు ఆడవాళ్ళూ వంటగదిలోకి, నడవలోకి మారారు. తలుపు బయట ఒక స్టూలు వేసి దాని మీద గంజి గిన్నె పెట్టేవాళ్ళు. రెండో పూట ఆ గిన్నె తెచ్చింది నరసాపురం చెల్లెలే.

అయిదో రోజుకు ఆయనకు ఊపిరి ఆడలేదు. అంబులెన్సును పిలిస్తే వెనకే పోలీసులు వస్తారని మా అందరి భయం. రోగం కన్నా ఆ భయమే మమ్మల్ని ఎక్కువ ఆలస్యం చేసింది. నిజామాబాద్ అన్న అరబ్బీ బాగా మాట్లాడతాడు. ఎవరినీ అడగకుండా తన ఫోను నుంచి 112కు చేశాడు. ఆస్పత్రిలో అకామా అడిగారు, మా ఆయన లేదన్నారు. అది రాసుకుని ఆక్సిజన్ పెట్టారు. పదకొండు రోజులకు తిరిగి వచ్చారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆమ్నెస్టీ. జరిమానా లేకుండా, ఉచిత టికెట్టుతో పంపిస్తాం, కావాలంటే మళ్ళీ రావచ్చు అని కువైట్ ప్రకటించింది. భారతీయులకు ఇచ్చింది ఏప్రిల్ 16 నుంచి 20 వరకు. అయిదే రోజులు. ఆయన మంచం మీద ఉంటే నేనెలా పోతాను? రాయచోటి అక్క మాత్రం పోక తప్పదు, ఊళ్ళో తల్లి మంచాన పడింది. 18న సంచి సర్దుకుని నా దగ్గరికి వచ్చింది.

“నీ డబ్బు ఎలా అక్కా?”

“పుస్తకం ఉంది కదా. నేను దానం చేసి పోవడం లేదమ్మా, అప్పిచ్చి పోతున్నాను. మీ ఆయన లేచి తిరిగాక అడుగుతాను.”

నరసాపురం వాళ్ళూ అదే రోజు వెళ్ళారు. పేర్లు రాసుకోవడానికి మగవాళ్ళకు ఒక స్కూలు, ఆడవాళ్ళకు ఒక స్కూలు. భార్యాభర్తలు గేటు దగ్గరే విడిపోయారు, బాబు తల్లితో వెళ్ళాడు. రెండు మూడు రోజుల్లో విమానం ఎక్కిస్తారనుకున్నారు. ఇక్కడ మన దేశమే మార్చి నుంచి విమానాలను రానివ్వడం లేదు. మే నెలలో కదిలేదాకా ఆయన ఒక శిబిరంలో, తల్లీబిడ్డలు మరో శిబిరంలో. ఆయన ఫోనులో ఛార్జింగు ఉండేది కాదు. మాకు మిస్డ్ కాల్ ఇస్తే మేము ఆమెకు ఫోను చేసి బాబు ఏం తిన్నాడో కనుక్కుని ఆయనకు చెప్పేవాళ్ళం. రోజుకు రెండుసార్లు అదే పని.

మే 10 నుంచి 30 దాకా పూర్తి కర్ఫ్యూ. జమియాకు, అంటే సహకార సరుకుల దుకాణానికి, వెళ్ళాలంటే బతాకా నంబరుతో ముందుగా సమయం తీసుకోవాలి, అదీ ఆరు రోజులకొకసారి. మాకు నంబరే లేదు. నిజామాబాద్ అన్న తన ఒక్క నంబరు మీద పదకొండు మందికి సరుకు మోసుకొచ్చాడు. దారిలో ఆపి ఇదంతా నీ ఒక్కడికేనా అని అడిగితే ఆయన అకామాకూ ముప్పు వచ్చేది. ఎందుకన్నా ఇంత సాహసం అంటే, తాను దుబాయ్‌లో ఖల్లివెల్లిగా ఉన్నప్పుడు ఒక పాకిస్తానీ తనకు ఇలాగే తెచ్చిపెట్టాడని చెప్పాడు.

మీ అక్క విషయం. పాస్‌పోర్టు, వీసా కాగితాల నకళ్ళు ఊళ్ళో మీ దగ్గర ఉంచండి. కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) పేరు, ఫోను నంబరు కూడా. ఆమ్నెస్టీ వచ్చినప్పుడు అవుట్‌పాస్ (పాస్‌పోర్టు లేనివాళ్ళు ఇంటికి రావడానికి ఇచ్చే కాగితం) కోసం అవన్నీ ఒకేసారి కావాలి, వెతుక్కోవడానికి సమయం ఉండదు. 2024లో మార్చి 17 నుంచి జూన్ 30 దాకా మళ్ళీ ఇచ్చారు, మేమిద్దరం అప్పుడే వచ్చాం. దగ్గర్లో ఉన్న మనవాళ్ళతో చీటీయో, వంట పొత్తో ఏదో ఒకటి పెట్టుకోమనండి. ఆపద వచ్చాక కొత్తగా మనుషులను కూడగట్టడం చాలా కష్టం.

రాయచోటి అక్క డబ్బు ఆ ఏడాది సెప్టెంబరు నుంచి తీర్చడం మొదలుపెట్టాం. నిజామాబాద్ అన్న పేరున నెలనెలా కొంత పంపేవాళ్ళం. 2021 ఫిబ్రవరికి తీరిపోయింది. కూతురు ఒక ఏడాది ఆలస్యంగా డిగ్రీలో చేరింది. ఆ ఏడాది మా వల్లే పోయిందని నేనంటే అక్క ఒప్పుకోదు. నిరుడు రాయచోటి వెళ్ళినప్పుడు పుస్తకం పట్టుకెళ్ళాను. ఆ అమ్మాయి ఒక్కొక్క పేరే పైకి చదివింది. అక్క మంచం మీద కూర్చుని, ఎవరు ఎక్కడున్నారో, పిల్లలెంతమందో అడుగుతూ వింది. కొందరి సంగతి నాకు తెలియలేదు. వాళ్ళ పేర్ల పక్కన బియ్యం లెక్క అలాగే ఉంది, కొట్టేయమని అక్క అనలేదు, నేనూ కొట్టలేదు.