సారె వద్దంటున్న అల్లుడు

ప్రశ్న: మా అమ్మాయికి ఈమధ్యే పెళ్లయింది. అల్లుడు ముంబై అంధేరీలో వన్ ఆర్‌కే (ఒక గది, వంటగట్టు ఉన్న ఇల్లు) అద్దెకు తీసుకున్నాడు. సారె కింద డబుల్ కాట్, ఇనుప బీరువా, పెద్ద గ్రైండర్ కొని ఉంచాం. ‘ఏమీ పంపకండి అత్తయ్యా, పెట్టడానికి చోటు లేదు’ అంటున్నాడు. బ్రోకరు 410 చదరపు అడుగులన్నాడట, అమ్మాయి కొలిస్తే 280 కూడా రాలేదట. సారె పంపకపోతే బంధువులు నన్నేమంటారో!
– ఒక తల్లి, కడప

జవాబు: అమ్మా, సారె వద్దనే అల్లుడు దొరికితే దిగులు పడతారేమిటి? పైగా అతను చెప్పింది నిజం.

మనం స్థలాన్ని సెంట్లలో లెక్కపెడతాం. సెంటంటే సుమారు 435 చదరపు అడుగులు. మీ అమ్మాయి ఇల్లు వంటగట్టు, స్నానాల గదితో కలిపినా సెంటులో మూడింట రెండు వంతులు లేదు. ఉన్న ఒక్క గది పదికి పన్నెండు అనుకోండి, 120 అడుగులు. ఆరుకు ఆరున్నర మంచం అందులో 39 అడుగులు తినేస్తుంది. బీరువాను మూలకు నెట్టినా దాని తలుపులు తెరవడానికి ముందు అడుగున్నర ఖాళీ కావాలి. లేదంటే పట్టుచీర తీయాల్సినప్పుడల్లా పిల్ల మంచమెక్కాలి.

బ్రోకరు చెప్పే 410లో మెట్లు, లిఫ్టు, నడవల వాటా కూడా కలిసి ఉంటుంది. బిల్డర్లు ఫ్లాటు అమ్మేటప్పుడు కార్పెట్ ఏరియా చెప్పి తీరాలని 2016 నాటి రెరా చట్టం, అంటే స్థిరాస్తి వ్యాపారాన్ని అదుపు చేసే చట్టం, అంటోంది. బయటి గోడలు, బాల్కనీ పోగా, లోపలి అడ్డగోడలతో సహా మిగిలేదే ఆ కొలత. అద్దె బ్రోకర్ల నోట మాత్రం ఇంకా పెద్ద అంకే వస్తుంది. రేపు పిల్లలు సొంతానికి కొనేటప్పుడు ఈ తేడా గుర్తు చేయండి.

నేను కాపురం పెట్టింది ముంబై పరేల్‌లోని ఒక చాల్‌లో, అంటే వరసగా ఒంటి గదులుండే పాత భవనంలో. ఒకటే గది, మూలన మోరీ (నీళ్లు వాడుకునే చిన్న తొట్టిలాంటి చోటు), వరండా చివర అందరికీ కలిపి మరుగుదొడ్లు. తెల్లవారగానే పరుపు చుట్టి అటకెక్కించాలి, లేకపోతే వంటకు కూర్చునే చోటుండదు. మా అమ్మ కర్నూలు నుంచి పంపినవాటిలో అక్కరకొచ్చింది ఇత్తడి గంగాళం ఒక్కటే. కొళాయి వచ్చేది ఏ కాసేపో, పట్టి ఉంచుకోవాలి కదా. చెక్క పెట్టె మీద మాత్రం ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ కూర్చునేవారు. దాంట్లోంచి ఏదైనా తీయాలంటే వాళ్లను లేపాలి!

కాబట్టి మంచం, బీరువా దుకాణంవాళ్లు వెనక్కి తీసుకుంటే ఇచ్చేయండి. ఆ డబ్బు అమ్మాయి ఖాతాలో వేస్తే, కింద సామాను పెట్టుకునే మంచం తనే అక్కడ చూసుకుంటుంది. తీసుకోకపోతే మీ ఇంట్లోనే ఉంచండి, పురుటికి వచ్చేది అక్కడికే కదా. బంధువులు అడిగితే బీరువా తెరిచి చూపించండి, కాఫీ కూడా ఇవ్వండి.

చెనిక్కాయల పొడి, కారప్పొడి పంపండి, కానీ కొంచెం కొంచెంగా. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ గోడలు కూడా చెమ్మగిల్లుతాయి, ఏడాది సరుకు బూజు పడుతుంది. కడప మీదుగా ముంబైకి రైళ్లున్నాయి, వెళ్లేవాళ్ల చేత పంపవచ్చు. చూడాలనిపిస్తే మీరూ వెళ్లండి, నాలుగు రోజులుండి వచ్చేయండి. కొత్త దంపతులు, ఒకటే గది, ఇంతకంటే నేను విడమరచి చెప్పను.

గ్రైండర్ సంగతంటారా, బల్ల మీద పెట్టుకునే చిన్నదైతే సరే. అదైనా అమ్మాయి వంటగట్టు కొలిచి చెప్పాకే.