శిగం వచ్చే ఇంటి కోడలికి

బిడ్డా,

మొన్న ఫోన్లో నువ్వు అడిగింది ఇంకా నా చెవిలోనే ఉంది. "పెద్దమ్మా, ఈసారి బోనాలకు మా అత్తమ్మ పక్కన నన్నే నిలబడమన్నారు. శిగం వస్తే నేనేం చెయ్యాలి? టెన్షన్‌గా ఉంది" అన్నావు. నోటితో చెప్తే సగం మరిచిపోతావని రాస్తున్నా. మా అత్త శివసత్తి, అంటే అమ్మవారు ఒంటి మీదికి వచ్చే మనిషి, అని నీకు తెలుసు. ఆమె పక్కన సాక నీళ్ల చెంబు పట్టుకుని ఇరవై ఆరేళ్లు నిలబడ్డాను. నా మీదికి ఒక్కసారి కూడా ఏ తల్లీ రాలేదు. అందుకే నాకు ఆ పని అప్పజెప్పారేమో. ఇద్దరం ఊగితే పట్టుకునేదెవరు?

ముందు మాటలు నేర్చుకో. మాట తెలియక తప్పు జరిగిన ఇళ్లు చాలా చూశాను. టీవీలో పూనకం అంటారు, మన ఇళ్లలో శిగం అంటారు. శిగం ఊగింది, ఒంటి మీదికి వచ్చింది, తల్లి నిలబడింది అంటాం. మీ అత్తను శివసత్తి అంటారు. శక్తి అన్న మాటే సత్తి అయింది. ఆమె ముందు మాత్రం ఎప్పుడూ "పట్టింది" అనకు. పట్టేది దయ్యం. దైవానికి వికృతి దయ్యం అని మాకు బడిలో చెప్పారు, అప్పుడు నవ్వొచ్చింది. మాట ఒకటే అయినా ఇంట్లో రెండూ వేరు. తల్లిని మనం పిలుస్తాం, డప్పు కొడతాం, సాక పోస్తాం, బోనం పెడతాం. ఆమె వస్తుంది, పోతుంది. ఎవరూ పిలవకుండా వచ్చి పోనన్న దాన్నే గాలి సోకిందంటారు. ఆ పేరుతో మన దగ్గరికి వచ్చిన వాళ్లలో ఎక్కువ మంది నిద్రలేక, తిండిలేక, మొగుడి దెబ్బలు తట్టుకోలేక వచ్చిన ఆడవాళ్లే. మా అత్త వాళ్లకు అన్నం పెట్టి, కాసేపు మాట్లాడి, దవాఖానకు పంపేది.

ఇంటి పెద్దల లెక్క మళ్లీ వేరు. పోయినవాళ్లకు పెత్రమాస, అదే పెద్దల అమావాస్య నాడు బియ్యం, కూరగాయలు ఇస్తాం. శిగంలో మీ అత్త మీ మామ గొంతుతో మాట్లాడాలని ఇంట్లో ఎవరైనా ఆశపడితే వద్దను. పెద్దలకు పెట్టే రోజు వేరే ఉంది.

ఇక వచ్చే తల్లులు. పోచమ్మది వేపచెట్టు కింద చల్లని చోటు. మైసమ్మ చెరువు కట్ట మీద కాపలా ఉంటుంది, అందుకే కట్టమైసమ్మ. ముత్యాలమ్మ పేరులో ముత్యాలంటే ఒంటి మీద లేచే పొక్కులు. మా చిన్నప్పుడు మశూచి వస్తే జబ్బు అనేవాళ్లం కాదు, అమ్మవారు పోసింది అనేవాళ్లం. ఎల్లమ్మ కథను బైండ్లవాళ్లు జమిడిక వాయిస్తూ రాత్రంతా చెప్తారు, వీలైతే ఒకసారి కూర్చుని విను. పోతరాజు వీళ్లందరికీ తమ్ముడు. పెద్దమ్మ కూడా వీళ్లలో ఒకరు, నేను కాదు. ఒక్కొక్కరు వచ్చే తీరు ఒక్కోలా ఉంటుంది. మా అత్తకు పోచమ్మ వస్తే మెల్లగా ఊగేది, కళ్లలో నీళ్లు కారేవి. మైసమ్మ వస్తే ఆ కేకకు చెట్టు మీద పక్షులు లేచిపోయేవి. మీ అత్తకు ఎవరు వస్తారో, ఎలా వస్తారో ముందే పాత మనుషుల్ని అడిగి తెలుసుకో.

నీ పని మూడు ముక్కలు: నిలబెట్టడం, వినడం, సాగనంపడం.

నిలబెట్టడం అంటే మొదట డప్పు వాళ్లతో మాట్లాడటం. దరువు వాళ్ల చేతిలో ఉంటుంది. దరువు పెరిగితే ఊగుడు పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. కుర్రాళ్లు ఉత్సాహంలో ఆపరు. నువ్వు చెయ్యెత్తితే తగ్గించాలని పెద్దాయన ఒకరికి ముందే చెప్పి పెట్టుకో. ఆమె చేతులు గట్టిగా పట్టుకోకు, అలా పడితే గింజుకుని భుజం పట్టేస్తుంది. వెనక నుంచి నడుం దగ్గర చెయ్యి ఆనించు చాలు. జడపిన్నులు, కళ్లజోడు, గాజు గాజులు ముందే తీసెయ్. బోనం మీద దీపం ఉంటుంది, దాన్ని మూడు అడుగుల దూరంలో పెట్టించు. అరచేతిలో కర్పూరం వెలిగించే అలవాటు మీ బస్తీలో ఉందట. నాకది ఇష్టం లేదు. తల్లి వెళ్లిపోయాక బొబ్బలకు మందు రాసేది మనమే.

సాక అంటే పసుపు కలిపి, వేపాకు వేసిన నీళ్లు. కొందరు బెల్లం కూడా వేస్తారు. ఎల్లమ్మకు కల్లు సాక పోసే ఇళ్లూ ఉన్నాయి. తల్లి నిలబడగానే కాళ్ల ముందు సాక పోసి, "ఎవరొచ్చారు తల్లీ, ఏ తల్లివి?" అని అడగాలి. తొందరపెట్టకు. పేరు నీ నోటి నుంచి అందించకు. పేరు చెప్పకుండా ఊగి ఊగి దిగిపోయిన రోజులూ ఉంటాయి. ఆ రోజు అంతే.

వినడం దగ్గరే కష్టం. మామూలుగా తల్లి అడిగేవి చిన్నవే. పోయినేడు బోనం ఆలస్యమైందనో, చీర మరిచారనో, యాటను, అంటే మేకనో పొట్టేలునో, ఇస్తానని ఇయ్యలేదనో అంటుంది. ఒప్పుకో, లేకపోతే బతిమాలు. బేరం ఆడటం తప్పు కాదు బిడ్డా, మొక్కు అంటేనే బేరం. మీ లష్కర్ బోనాల కథ కూడా అలాగే మొదలైంది. 1813లో పట్టాలంలో డోలీ మోసే సురిటి అప్పయ్య ఉజ్జయినికి వెళ్తే అక్కడ కలరా లేచింది. జబ్బు పోతే నిన్ను మా ఊరికి తెచ్చుకుంటానని మహంకాళికి మొక్కి, తిరిగొచ్చాక 1815లో సికింద్రాబాద్‌లో కొయ్య విగ్రహం పెట్టాడు. నువ్వూ అలాగే అడగొచ్చు: "ఈసారి చేతిలో లేదు తల్లీ, కొబ్బరికాయతో సరిపెట్టుకో, వచ్చే ఏడు ఇస్తాం." మా అత్త నోట తల్లి ఎన్నోసార్లు సరేనంది.

కానీ దొంగతనం గురించి అడగకు. నేను అడిగాను కాబట్టి చెప్తున్నా. పెళ్లయిన నాలుగో ఏడు నా మెడలో గొలుసు పోయింది. అందరూ ఉండగా, "నా గొలుసు ఎవరు తీశారు తల్లీ?" అని అడిగేశా. అత్త ఊగుతూ తూర్పు దిక్కు చెయ్యి చూపింది. తూర్పున ఉన్నది ఒక్కటే ఇల్లు. ఆ ఇంటి ఇల్లాలు అప్పటికే భర్త పోయి ఒంటరిగా ఉంది. అంతకుముందే ఎవరో ఆమెకు చేతబడి వచ్చని గుసగుసలు పెట్టారు. ఆ సాయంత్రం ఆమె వాకిట్లో పదిమంది మగవాళ్లు చేరారు. మా మామ అడ్డం పడ్డాడు కాబట్టి ప్రాణాలతో బయటపడింది. గొలుసు మీ పెద్దబాపు కుదువ పెట్టాడు. విత్తనాల అప్పుకు. రెండు నెలల తర్వాత ఆయనే చెప్పాడు. నేను ఆమె కాళ్ల మీద పడ్డాను. ఆమె ఏమీ అనలేదు, కానీ చచ్చేదాకా మా ఇంట్లో మంచినీళ్లు ముట్టలేదు. అత్తకు ఆ చెయ్యి చూపిన సంగతే గుర్తు లేదు.

అందుకే, ఎవరు చేశారు, ఎవరి వల్ల అన్న ప్రశ్న గుంపులో ఎవరు అడిగినా అక్కడే ఆపు. "బాణామతి (చేతబడి) ఎవరు చేశారో చెప్పు తల్లీ" అని అడిగేవాడు ఒకడు ప్రతి బస్తీలో ఉంటాడు. సాక మళ్లీ పోసెయ్, డప్పు పెంచమని సైగ చెయ్, మాట మరుగున పడిపోవాలి. వానలు, పంటలు, పిల్లల చదువులు, ఊరి బాగు ఎన్నైనా అడగనీ. ఉజ్జయిని మహంకాళి గుడిలో బోనాల మర్నాడు రంగం, అంటే తల్లి భవిష్యం చెప్పేది, చూడు. పచ్చి కుండ మీద నిలబడిన ఆమెను అడిగేది ఊరందరి సంగతి.

ఇప్పుడు ఒంటి సంగతి. మీ అత్తకు షుగర్ ఉంది. ఒక్కపొద్దు అని మాత్ర వేసుకుని ఏమీ తినకపోతే చెమటలు పట్టి, చేతులు వణికి పడిపోతుంది. దాన్ని చూసి జనం తల్లి వచ్చిందని దండం పెడతారు. నువ్వు మాత్రం స్పృహలో ఉంటే నోట్లో చక్కెర పెట్టు. ఒక్కపొద్దు ఉంటే ఆ రోజు మాత్ర సంగతి డాక్టర్‌ను ముందే అడగండి. శిగంలో ఉన్న మనిషి నువ్వు పిలిస్తే ఏదో రూపంలో పలుకుతుంది, దీపాన్ని తప్పించుకుంటుంది. మూర్ఛలో అలా ఉండదు. ఒళ్లు బిగుసుకుంటుంది, నాలుక కొరుక్కుంటుంది, చీరలోనే మూత్రం పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టు, నోట్లో ఏమీ పెట్టకు, చేతిలో తాళాలు పెట్టనివ్వకు. ఐదు నిమిషాలు దాటితే 108.

సాగనంపడం చాలామంది మరిచిపోతారు. 2024లో మనం మేడారం పోయాం కదా, గుర్తుందా? బుధవారం సారలమ్మ, గురువారం సమ్మక్క గద్దెకు వచ్చారు. శనివారం వాళ్లను మళ్లీ వనానికి పంపేదాకా జాతర అయినట్టు కాదు. మీ దగ్గర ఘటాన్ని, అంటే తల్లిగా కొలిచే కుండను, సాగనంపేదీ అందుకే. ఇంట్లోనూ అంతే. దరువు తగ్గించి, మొహం మీద నీళ్లు చల్లి, "వెళ్లిరా తల్లీ, వచ్చే ఏడు రా" అని హారతి ఇవ్వు. తర్వాత కూర్చోబెట్టి, మజ్జిగ తాగించి, ఆమెను పేరు పెట్టి పిలువు. తల్లీ అని పిలవకు. పేరుకు పలికిందంటే మనిషి వచ్చేసినట్టు. ఏం చెప్పావో తెలుసా అని ఆమెను ఆ రోజు అడగొద్దు, అలిసిపోయి ఉంటుంది.

ఇంకో రెండు. మీ మరిది ఫోన్ పట్టుకుని రీల్స్ తీస్తాడు, ఆ పూట ఫోన్ లాక్కుని నీ నడుముకు దోపుకో. ఆమె జుట్టు విరబోసుకుని కొంగు జారిన వీడియో ఊరంతా తిరిగితే ఆమెకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. రెండోది, ఏ ఆడపిల్లకైనా చిన్న వయసులో శిగం వస్తే "దేవుడికి వదిలెయ్యండి" అనేవాళ్లు ఇంకా ఉన్నారు. జోగినిని చెయ్యడం నేరమని 1988లోనే చట్టం వచ్చింది. ఆ మాట అన్నవాణ్ని గుమ్మం లోపలికి రానివ్వకు.

లష్కర్ బోనాల ముందు శనివారం నేను బస్సు ఎక్కుతా. మా అత్త సాక చెంబు ఇత్తడిది, అడుగున చిన్న సొట్ట ఉంది, అది తెస్తా. చింతపండు పెట్టి తోమాలి, ఇంట్లో ఉందా లేదా చూసి పెట్టు.

నీ పెద్దమ్మ